ఆయన దిగమనలేదు

పోయిన నెల ఆయన్ని మట్టి చేస్తున్నప్పుడు నేను కాస్త ఎడంగా, కంపచెట్ల పక్కన నిలబడి ఉన్నాను. పాస్టరయ్య ప్రార్థన ముగించాక ఆడవాళ్ళు ఒక పక్కకు చేరారు. ఎవరో ముసలామె, "శానా మంచోడు, ఒగరి జోలికి పోయినోడు కాడు" అంది. దానికి ఆయన కూతురు మరియమ్మ, "మంచోడే అవ్వా. ఆ పొద్దు ఒక్కటే మతి తప్పింది. ఆ ఒక్క పొద్దుకే నా బతుకు ఇట్లయిపాయ" అంది. కోపంగా అనలేదు. ఇరవై ఏళ్ళుగా అనీ అనీ అరిగిపోయిన మాటలాగా అంది.

ఆ పొద్దు ఆయనకు మతి తప్పలేదు. ఆ సంగతి భూమ్మీద ఇద్దరికే తెలుసు. ఆ ఇద్దరిలో ఒకరి మీద అప్పుడే మట్టి పోస్తున్నారు. రెండోవాణ్ణి నేను.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. ఒకసారి ఆ పేరు ఒక కాగితం మీద నా చేతితోనే రాశాను, ఒక అబద్ధం పక్కన. మళ్ళీ రాయడానికి చెయ్యి రావడం లేదు. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. ఇప్పుడు 'ఆయన' అని రాస్తున్నాను గానీ, నాకంటే ముప్పై ఏళ్ళు పెద్దవాణ్ణి ఎదురుగా ఎప్పుడూ 'ఏరా' అనే పిలిచాను. మా ఇంట్లో అందరమూ అంతే.

మా ఊరు పత్తికొండకు నాలుగు కోసుల దూరం. మా వైపు అప్పట్లో జొన్నలు గాదెల్లో కాదు, భూమిలో దాచేవాళ్ళు. నీళ్ళు ఊరని గట్టి నేల చూసి పెద్ద కాగు ఆకారంలో గుంత తవ్వేవాళ్ళు. పైన మెడ మనిషి భుజాలు పట్టేంత. లోపల రెండు నిలువుల లోతు, ఒక గదంత వెడల్పు. చుట్టూ జొన్నసొప్ప పేర్చి, గింజలు పోసి, మెడ మీద బండ పెట్టి, మట్టితో మెత్తేస్తే మూడు నాలుగేళ్ళయినా గింజ చెడేది కాదు. దాన్నే పాతర అంటారు. ఊరికి పడమటి మిట్ట మీద మా పెదనాన్నకు అట్లాంటివి పదకొండు ఉండేవి. పైనుంచి చూస్తే ఏమీ ఉండదు, పదకొండు మట్టి దిబ్బలు. ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళు వాటిని సమాధులనుకునేవాళ్ళు.

వాటిని తెరవడం, మూయడం ఆయన పని. ఆయనకు ముందు ఆయన తండ్రి పని. పొట్టి మనిషి. ఎడమ భుజం మీద ఎప్పుడూ నులక తాడు చుట్ట ఒకటి ఉండేది. ఆదివారం గుడికి వెళ్ళేటప్పుడు మాత్రం అది తీసి తెల్లటి పైగుడ్డ వేసుకునేవాడు. అప్పుడు కూడా ఆ భుజం కొంచెం కిందికి వంగే ఉండేది, బరువు అక్కడే ఉన్నట్టు.

పాతర తెరిచే రోజు ఆయన చేసే పనులు చూడటానికి చిన్నప్పుడు మేము మిట్ట ఎక్కేవాళ్ళం. పెద్దయ్యాక వాటిని చూస్తే నాకు విసుగు. ముందు మట్టి గీకి, బండను ఒక పక్క నుంచి కొంచెం జరిపి, తాను గాలివాలుకు ఎదురు పక్కకు పోయి కూర్చునేవాడు. బీడీ ముట్టించనిచ్చేవాడు కాదు. దగ్గరికి ఎవరైనా పోతే చేత్తో ఈగను తోలినట్టు తోలేవాడు. చాలాసేపటికి లేచి బండ పూర్తిగా తీసి, వేపమండల కట్ట ఒకటి తాడుకు కట్టి, బావిలో చేద వేసినట్టు లోపలికి వేస్తూ తీస్తూ ఉండేవాడు. వంద సార్లు, రెండు వందల సార్లు. ఆ తర్వాత దీపం. మూడు తాళ్ళ చిన్న బుట్టిలో మట్టిప్రమిద పెట్టి, ఆముదం పోసి, వెలిగించి, మెల్లగా దించేవాడు. మెడ దగ్గర ఆపేవాడు. నడుము లోతులో ఆపేవాడు. గింజల మీద ఆనించి ఆపేవాడు. దీపం నిలిస్తే మనిషి దిగాలి. ఆరితే ఆ రోజుకు పని లేదు.

కర్నూలులో ఇంటరు తప్పి ఇంటికొచ్చిన ఏడాది పెదనాన్న నాకు పాతర్ల మీద పెత్తనం ఇచ్చాడు. నాకు ఇరవై మూడు. మొదటి రోజే ఆయన దీపం దించుతుంటే వెటకారం చేశాను.

"ఏరా, ఏసుప్రభువుకు మొక్కేటోనివి, నీకు దీపమెందుకు? మా దేవుళ్ళతో గూడా పొత్తు పెట్టుకున్యావా?"

ఆయన తాడు మీదనుంచి కన్ను తీయకుండానే అన్నాడు. "మొక్కేదానికి కాదు చిన్నరెడ్డీ. అడిగేదానికి."

"ఎవర్ని?"

"లోపల ఉండేదాన్ని. మనిషిని పంపొచ్చునా, వద్దా అని."

"అడగాలంటే నువ్వే పోయి అడుగు."

"దీపాన్నే పంపుదాం సామీ. దానికి పెండ్లాం బిడ్డలు లేరు."

కూలీలంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన మాత్రం నవ్వలేదు.

లోపల ఉండేదాన్ని ఆయన 'మూగది' అనేవాడు. దయ్యమనో, దేవతనో ఆయన ఉద్దేశం కాదు. "దానికి వాసన ల్యా, రంగు ల్యా, సప్పుడు ల్యా. పట్టుకుందంటే అరిసేదానికి గూడా ఉండదు. మా చిన్నాయన్ను పట్టుకునింది. మోకాళ్ళ మీద కూచున్నోడు కూచున్నట్టే పాయ" అని ఒకసారి చెప్పాడు. మూసిపెట్టిన గింజ కూడా ఊపిరి తీస్తుందని, లోపలి గాలిలోని సత్తువనంతా లాగేసుకుని బరువైన చెడుగాలి వదులుతుందని, అది నీళ్ళ మాదిరి అడుగున నిలబడుతుందని చాలా ఏళ్ళ తర్వాత ఒక వ్యవసాయ అధికారి నాకు వివరించాడు. ఆయనకు ఆ వివరం తెలియదు. ఆయనకు తెలిసింది అంతకంటే ఎక్కువ పనికొచ్చేది.

మూగది కాబట్టి మనుషులు మాట్లాడుతూ ఉండాలని ఆయన పద్ధతి. దిగినవాడి నడుముకు తాడు. పైన ఆ తాడు పట్టేవాడు దిగినవాడికి దగ్గరి చుట్టమై ఉండాలి. ఇద్దరూ పని అయ్యేదాకా నోరు మూయకూడదు. లోపల మాట ఆగిందంటే పైవాడు కారణం అడగకుండా లాగేయాలి. అందుకే పాతర తెరిచిన రోజు మిట్ట మీద పెళ్ళివాళ్ళ విడిది లాగా ఉండేది. ఎక్కువగా దిగేది ఆయన అల్లుడు దేవదానం. తాడు పట్టేది ఆయన కొడుకు ఏసన్న, మరియమ్మకు అన్న. వాళ్ళిద్దరి మాటలు వినడానికే దారినపోయేవాళ్ళు ఆగేవాళ్ళు.

"ఏం బావా, గింజలెత్తుతాండావా, పండుకున్యావా?"

"మీ చెల్లెలు చేసిన రొట్టెలు నమిలీ నమిలీ దవడలు పడిపోయినాయి. ఇంగ మాట్లాడేదెట్ల?"

"ఆ మాట ఆపెకు చెప్తా. రేపట్నుంచి గంజే పోస్తాది."

"చెప్పు. గంజయితే నీ ఇంటికి పంపుతా, నీకూ అలవాటేగదా."

ఆయన పక్కన కూర్చుని వినీ విననట్టు ఉండేవాడు. మాటలు కొంచెం నెమ్మదిస్తే చాలు, "ఏమిరా, మీ పగ తీరిపోయిందా? తిట్టుకోండ్రా" అనేవాడు. "చెయ్యి మాత్రం తాడు మీద ఉండాల."

ఈ పద్ధతి వల్ల ఒక పూట పని రెండు రోజులయ్యేది. పెదనాన్న సణిగేవాడు. "వాని దీపానికి ఆముదం పోసేది మనం, కూర్చోబెట్టి కూలీలను మేపేది మనం" అనేవాడు. అయినా ఆయన్ని మార్చమని ఎప్పుడూ అనలేదు. ఆయన చేతి మీద ఒక్క మనిషి కూడా పోలేదని పెదనాన్నకు తెలుసు. మార్చాలని నాకే ఉండేది. నా పెత్తనం మొదలయ్యాక అంతకుముందుకన్నా పని త్వరగా జరుగుతోందని పెదనాన్నతో అనిపించుకోవాలి. అంతకు మించి వేరే కారణం లేదు. ఉంటే బాగుండేది.

యాభైల మొదట్లో అది. వానలు వరసగా రెండో ఏడు కూడా ఎగ్గొట్టాయి. జొన్నల కోసం ఆదోని నుంచి, బళ్ళారి నుంచి మనుషులు వస్తున్నారు. పెదనాన్న ఒక లారీ గింజలకు మాట ఇచ్చి, ఏడో పాతర తెరవమన్నాడు. అంతకుముందు ఏడు అందులో సగం గింజ తీసి మళ్ళీ మూశాము. అట్లా సగం ఖాళీగా ఉన్న పాతరంటే ఆయనకు అసలు గిట్టదు. "కడుపు నిండిన దానికన్నా సగం కడుపుది చెడ్డది" అనేవాడు.

ఆయన తెల్లవారకముందే వచ్చి బండ తీసి ఉంచాడు. నేను ఎండ పొడిచే వేళకు చేరాను. అప్పటికి మిట్ట మీద మేమిద్దరమే. మండలు వేసి తీశాడు. దీపం దించాడు. మెడ దాటీ దాటగానే ఆరిపోయింది. తీసి, వెలిగించి, మళ్ళీ దించాడు. ఆరిపోయింది. మూడోసారి ఆరినప్పుడు మంట చిన్నదై ఊగడం కూడా లేదు. ఎవరో వేళ్ళతో నలిపినట్టు ఆరింది.

"ఈ పొద్దు కాదు చిన్నరెడ్డీ. రేపు గూడా కాదేమో. నోరు తెరిచి పెడదాం. లారీని ఎల్లుండి రమ్మను."

"లారీ పత్తికొండ దాటిందిరా. గంటలో వస్తాది."

"వస్తే రానీ. నిలబడి ఉంటాది. దానికేమాయ."

పక్క ఊళ్ళో మాకే ఇంకో పాతర ఉంది, దాని మెత్తు పగిలిందని అంతకుముందు రోజు కబురొచ్చింది. ఇక్కడ పని లేదు కాబట్టి అది చూసి వస్తానని ఆయన బయల్దేరాడు. కొంత దూరం పోయి వెనక్కి తిరిగి చెప్పాడు. "మావాళ్ళు వస్తే మండలు కొట్టమను సామీ. దిగొద్దని నేను చెప్పినానని చెప్పు. నా మాటంటే వింటారు."

నా మాటంటే వింటారు. ఆ మాటనే నేను వాడుకున్నాను.

లారీ ముందు వచ్చింది. డ్రైవరు దిగి, బానెట్టు మీద కాళ్ళు జాపుకుని కూర్చుని, "ఏం రెడ్డీ, గింజలు ఇంగా మొలకెత్తలేదా?" అన్నాడు. లారీతో వచ్చిన కూలీలు నవ్వారు. తర్వాత దేవదానం, ఏసన్న, ఇంకా ఇద్దరు కూలీలు ఊరి బయట వాళ్ళ పేట నుంచి వచ్చారు. దేవదానం అటూ ఇటూ చూశాడు.

"మామ యాడప్పా?"

"పక్కూరి పాతర చూసేదానికి పోయినాడు. పొద్దున్నే దీపం దించి చూసినాడు. నిలిచింది. దిగమన్నాడు."

ఇంత సులువుగా చెప్పాను. అబద్ధానికి ముందు గొంతు తడారుతుందని అంటారు. నాకు అట్లాంటిదేమీ కాలేదు.

ఏసన్న బుట్టి దగ్గరికి పోయి ప్రమిద చేతిలోకి తీసుకున్నాడు. "నూనె అట్లనే ఉండాదే బావా. ఇంగోసారి దించుదామా?"

అప్పుడు నేను నా బ్యాటరీ లైటు బయటికి తీశాను. కర్నూలులో కొన్నది, మూడు బ్యాటరీలది. మా చుట్టుపక్కల ఎవరి దగ్గరా లేదు. దాని అడుగునున్న కొక్కేనికి తాడు కట్టి, వెలిగించి, పాతరలోకి దించాను. పొద్దున దీపం ఆరిన చోటు దాటింది. నడుము లోతు దాటింది. కిందికి పోయి, జొన్నల మీద తెల్లటి గుండ్రటి వెలుగు పడింది. సొప్ప పోగులు ఒక్కొక్కటే కనబడ్డాయి. నలుగురూ మెడ చుట్టూ వంగి చూశారు. అంతకుముందు పాతర లోపల అంత స్పష్టంగా ఎవరూ చూడలేదు.

"చూసినారా? ఆరిందా?"

"ల్యా" అన్నాడు ఏసన్న.

"దీనికి చమురు గూడా అక్కర్లేదే" అన్నాడు దేవదానం. "మామకు చెప్పాల. ఆముదం మిగుల్తాది, తలకు పూసుకోవచ్చు."

వెలుతురు నిలిస్తే దిగొచ్చు. పుట్టినప్పటినుంచి వాళ్ళకు తెలిసిన పద్ధతి అదే. వెలుతురు నిలిచింది. మంట వేరు, గాజులో తీగ వేరు అని వాళ్ళకు చెప్పేవాళ్ళెవరు? నాకు తెలియదా అని ఇన్నేళ్ళూ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. పొద్దున దీపం గాలికి ఆరిందనుకున్నాను అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ పొద్దు గాలి లేదు. మిట్ట మీద ఆకు కదల్లేదు.

దేవదానం నడుముకు తాడు కట్టుకుని దిగాడు. లైటు అట్లాగే లోపల వేలాడదీసి ఉంది.

"ఎట్లుండాది బావా?" అన్నాడు ఏసన్న.

"సినిమా టెంటు మాదిరి ఉండాది. టిక్కెట్టు తీసుకుని రా."

"ఎవరు ఆడతాండారు?"

"మీ చెల్లెలే. ఏడుపు పాత్ర..."

అంతే. ఏసన్న ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. ఆ నవ్వు ముఖం మీదే ఉండగా చేతులు మాత్రం వాటంతట అవి తాడు లాగడం మొదలుపెట్టాయి. ఆయన అంత బాగా నేర్పాడు. నలుగురం కలిసి లాగాం. తెలివిలో ఉన్నవాడైతే చేతులు పైకెత్తి మెడలోంచి వస్తాడు. దేవదానం భుజాలు మెడ కింద తట్టుకున్నాయి. ఇంకా గట్టిగా లాగేసరికి నడుము తాడు పైకి జరిగి, చంకల్లోంచి జారి ఒక్కటే పైకి వచ్చింది. కింద మెత్తటి చప్పుడు అయింది.

ఏసన్న కాళ్ళు లోపల పెట్టేశాడు. కూలీలిద్దరు రెక్కలు పట్టుకుని వెనక్కి ఈడ్చారు. లారీ క్లీనరు పక్కూరి దారిన పరుగెత్తాడు. ఆయన సగం దారిలోనే తిరిగి వస్తూ కనబడ్డాడట. వచ్చేసరికి ఏసన్న కూలీలను తోసేసి మళ్ళీ పాతర మీదికి పోతున్నాడు. ఆయన కొడుకును జుట్టు పట్టి వెనక్కి పడదోసి, రొమ్ము మీద కూర్చున్నాడు. ఏసన్న ఆయనకన్నా జానెడు పొడుగు. అయినా లేవలేకపోయాడు.

"ఎవరురా దిగమన్నింది?"

"నువ్వే గదా నాయనా" అన్నాడు ఏసన్న ఏడుస్తూ. "దీపం నిలిచింది, దిగమన్న్యావంట గదా."

ఆయన తల ఎత్తి నావైపు చూశాడు. నేను నేల చూశాను. మళ్ళీ తల ఎత్తేసరికి ఆయన నన్ను చూడటం మానేశాడు.

"మండలు కొట్టండ్రా" అన్నాడు.

మండలు కొట్టారు. ఆయన కొడుకు మీదనుంచి లేవకుండానే ప్రమిద తెప్పించి వెలిగించి ఇచ్చాడు. దించారు. ఆరింది. మళ్ళీ మండలు. మళ్ళీ ఆరింది. నా లైటు మాత్రం కింద వెలుగుతూనే ఉంది. ఆ వెలుగులో దేవదానం కుడిచెయ్యి, చెవి కనబడుతున్నాయి. మరియమ్మ పేట నుంచి పరుగున వచ్చి పాతర అంచున పడి ఆ వెలుగులో మొగుణ్ణి చూసింది. "కనబడతాండాడు గదా నాయనా, రెండు చేతుల దూరం, ఎవరినన్నా దించు, కాళ్ళు పట్టుకుంటా" అంది. నిజంగానే కాళ్ళు పట్టుకుంది. ఆయన దించలేదు. "ఒకడు సాలు" అన్నాడు. ఆ మాట పేటలో ఎవరూ మర్చిపోలేదు. అల్లుడు పోయినా మనిషికి చీమ కుట్టలేదని, దీపం దీపమని కూర్చుని ప్రాణం పోనిచ్చాడని చాలా ఏళ్ళు చెప్పుకున్నారు.

ఎన్నిసార్లు ఆరిందో నేను లెక్కపెట్టలేదు. చివరికి నిలిచింది. అప్పుడు ఆయన లేచి, ఏసన్న చేతికి తాడు ఇచ్చి, తానే దిగాడు. దిగినవాడు మాట్లాడుతూ ఉండాలి గదా. పైనున్నవాళ్ళతో ఏం మాట్లాడతాడు? దేవదానంతో మాట్లాడాడు. పైకి వినబడాలని గట్టిగా మాట్లాడాడు.

"ఇదో అల్లుడా, వచ్చినా. కాలు తొక్కుతానేమో, కొంచెం జరుగు. ఎంత బరువుండావురా, నా బిడ్డ బాగానే మేపింది నిన్ను. చెయ్యి ఇట్లియ్యి. ఆ చెయ్యి గాదు, ఈ చెయ్యి. తాడు కడతాండా. బిగుసుకుంటే చెప్పు. చెప్పవులే, నువ్వు ఎప్పుడు చెప్తివి. తల వంచు, మెడ ఇరుకు, తల వంచు నాయనా..."

గొంతు ఒక్కసారి కూడా ఆగలేదు. మరియమ్మ చెవులు మూసుకుంది.

మర్నాడు పోలీసులు వచ్చారు. మా చావడిలో కూర్చుని పంచనామా రాయాలన్నారు. పెదనాన్న నన్ను చూసి, "వాడు తెరిచినాడు, వాడు దిగమన్నాడు, అంతేగదా?" అన్నాడు. అంతే అన్నాను. చేతిరాత బాగుంటుందని నన్నే రాయమన్నారు. 'పాతర తెరిచిన ఫలానా వ్యక్తి సరిగా పరీక్షించకనే దిగవచ్చునని చెప్పి వెళ్ళినందువలన' అని రాశాను. ఆయన్ని వేలిముద్ర వేయమన్నారు. ఆయనకు చదువొచ్చు, బైబిలు చదువుతాడు. కాగితం తీసుకుని, అక్షరం కింద వేలు పెట్టుకుంటూ, మొదటినుంచి చివరిదాకా చదివాడు. చదివి, సంతకం చేశాడు.

ఆయన్ని జైల్లో పెట్టలేదు. ప్రమాదమని వదిలేశారు. అయితే ఆ తర్వాత ఆయన్ని ఏ ఊళ్ళోనూ పాతర తెరవడానికి పిలవలేదు. ఏసన్న ఆదోని జిన్నింగు మిల్లుకు పోయి అక్కడే ఉండిపోయాడు. కొన్నాళ్ళకు ఆయన కూడా ఊళ్ళో ఉండటం మానేశాడు.

మూడేళ్ళ తర్వాత మా ఇంటికి నాపరాళ్ళు కొనడానికి బేతంచెర్ల వెళ్ళాను. స్టేషను పక్కన రాళ్ళు నిలబెట్టి దాచే దొడ్డిలో, దుమ్ముతో తెల్లబడిన మనిషి ఒకడు నిలువు రాళ్ళ వరసల మధ్య తిరుగుతూ ఒక్కొక్క వరసను అరచేత్తో నెట్టి చూస్తున్నాడు. భుజం వంపును బట్టి గుర్తుపట్టాను. కొత్త కూలీ ఒకడు రెండు వరసల మధ్య సందులోకి వంగబోతుంటే, "ఆ సందులోకి తలకాయ పెట్టొద్దు. పెట్టాలంటే ముందు అవతల ఎవరుండారో పిలిచి పలికించు" అంటున్నాడు. వాడు, "నీకు భయమెక్కువ తాతా" అన్నాడు. "ఉండాదిరా. నీకూ కొంచెం ఇస్తా, తీసుకో" అన్నాడు ఆయన.

నన్ను చూసి పైగుడ్డ తీసి నడుముకు కట్టుకున్నాడు. పెదనాన్న బాగున్నాడా అని అడిగాడు. వానలు పడ్డాయా అని అడిగాడు. ఇంక నేనే అడిగాను.

"అయ్యాల ఎందుకు చెప్పలేదు?"

పక్కన లారీలోంచి రాళ్ళు దిగుతున్నాయి. ఆయన రెండు రాళ్ళు దిగేదాకా చూశాడు.

"చెప్పింటే ఏమయితుండె చిన్నరెడ్డీ? కింద నా అల్లుడు సచ్చి పడుండాడు. నా కింద నా కొడుకుండాడు. పక్కన బోదగడ్డి కోసే కొడవలుండాది. నీ పేరు నా నోట్లోంచి వస్తే వాడు నిన్ను నరికేటోడు. మర్నాడు మీవాళ్ళు పేటకు నిప్పు పెట్టేటోళ్ళు. వాన్ని ఉరి తీసేటోళ్ళు. ఒకడు సాలు అన్నింది అందుకే గూడా."

"తర్వాతయినా?"

"తర్వాత మాత్రం వాడు నా కొడుకు కాకుండా పోతాడా?"

కూతురి సంగతి అడగలేదు నేను. ఆయనా చెప్పలేదు. లారీ హారను కొడుతుంటే లేచి పోయాడు. అదే ఆఖరు. నిజం చెప్పమని ఆయన నన్ను అడగలేదు. అడగలేదు కాబట్టి నేను బాకీ లేననుకున్నాను. ఆ తర్వాత పదిహేడేళ్ళు అట్లాగే అనుకుంటూ ఉన్నాను. ఆఖరి రోజుల్లో జబ్బు చేసి ఊరికి తిరిగొచ్చి, గుడి వసారాలో పండుకున్నాడని విన్నప్పుడు కూడా పోలేదు.

మట్టి చేసిన మూడో రోజు మరియమ్మ ఇంటికి వెళ్ళాను. ఆమె చాటలో వేరుశనగ బుడ్డలు వలుస్తోంది. నన్ను చూసి కంగారుపడి లేచి, మంచం వాల్చి, దాని మీద ఉతికిన దుప్పటి పరిచింది. కూర్చున్నాను. చెప్పాను. పొద్దున దీపం మూడుసార్లు ఆరడం, ఆయన వద్దని చెప్పి పోవడం, ఆయన పేరు పెట్టి నేను దిగమనడం, పంచనామా రాయడం, అన్నీ. ఆమె చేతులు బుడ్డలు వలుస్తూనే ఉన్నాయి. చెప్పడం అయ్యాక కూడా కాసేపు వలిచింది.

"మా నాయనకు తెల్సునా, నువ్వు అట్ల చెప్పినావని?"

"తెలుసు. ఆ పొద్దే తెలుసు."

"ఆయన ఆ వీధి మలుపు దాకా వస్తుండె" అంది. "ఇరవై ఏండ్లు. పండక్కి, పబ్బానికి, నా బిడ్డలకేమన్నా పట్టుకుని. ఈ గడప దాటనీలేదప్పా నేను. పోయినవారం గుడి వసారాలో పండుకుని మంచినీళ్ళు అడిగితే, వేరేవాళ్ళతో పంపిస్తి."

ఆమె నేను కూర్చున్న మంచం వైపు చూసింది.

"నువ్వొస్తే మంచమేస్తి" అంది. చేతిలో చాట కింద పెట్టింది. "లేయి."

లేచాను. ఆమె దుప్పటి తీసి మడిచి, మంచం ఎత్తి గోడకు నిలబెట్టింది. "మా అన్న రేపు ఆదోనికి పోతాడు. పిలుచుకొస్తా. మొదట్నుంచి చెప్పు" అని వెళ్ళింది.

ఏసన్న వచ్చాడు. జుట్టు నెరిసింది, మనిషి ఇంకా అంతే పొడుగు. లోపలికి రాలేదు. గడప మీద, దారికి అడ్డంగా కూర్చున్నాడు. ఆ ఇంటికి వేరే దారి లేదు. నేను నిలబడి మొదటినుంచి చెప్పాను. లైటు దించి 'ఆరిందా' అని అడిగిన మాట దగ్గర ఏసన్న కళ్ళు మూసుకున్నాడు. బేతంచెర్లలో ఆయన అన్న మాటలు కూడా చెప్పాను, కొడవలి మాటతో సహా.

"నరికేటోన్నే" అన్నాడు ఏసన్న. "నాయన సరిగ్గానే చెప్పినాడు."

అని, నేను పోవడానికి గడప మీద పక్కకు జరిగాడు.